తిన్నపుడు, త్రాగినపుడు వచ్చు దగ్గు – కారణములు, జాగ్రత్తలు

మన యిండ్లలో ఎవరైనా అన్నము తినుచు ఉన్నట్లుండి దగ్గినచో, ప్రక్కనున్నవారు నెత్తిన తట్టి "ఎవరో తలచుకొంటున్నారు" అందురు. దీనిని మనము పొలమారుట అందుము; కొందరు కొరబోవుట అందురు. మనము కాపురమున్న ఈ బెంగళూరులో కన్నడ సోదరులు "నెత్తిగె హత్తితు" అందురు. మాట ఏదైనను సంగతి యొకటే. ఒక గ్రుక్కెడు నీళ్ళు త్రాగి, కన్నులు తుడుచుకొని, మరల ముద్ద కలుపుకొందుము.

ఇట్లు ఎప్పుడో ఒకసారి జరిగినచో భయపడవలసినది లేదు. కాని తలచుకొన్నవారు ఒకనాడు తలచుకొందురు, రెండునాళ్ళు తలచుకొందురు. మూడు పూటలా ప్రతి గ్రుక్కకు మనలను తలచుకొను చుట్టము లోకములో ఎవరును లేరు. దినదినము తిన్నపుడెల్ల, త్రాగినపుడెల్ల దగ్గు వచ్చుచున్నదన్నచో దానికి శరీరములో ఒక కారణమున్నదని తెలిసికొనవలెను. ఆ కారణము చిన్నది కావచ్చును, పెద్దదియు కావచ్చును. ఏది చిన్నది, ఏది పెద్దది అని యింటివారు గుర్తించుటకు సాయపడవలెనని ఈ పాఠము వ్రాయుచున్నాను. నేను వైద్యుడను కాను. సంఘము లెక్కలు వ్రాయువాడను. మా యింట జరిగిన దానివలనను, పెద్ద ఆసుపత్రులలో వైద్యులు ఓపికతో చెప్పిన దానివలనను తెలిసికొన్నదే ఇచ్చట చెప్పుచున్నాను.

మా యింటి సంగతి

మా నాయన కబ్బన్‌పేటలో 40 ఏండ్లకు పైగా గుంటమగ్గముపై పట్టుచీరలు నేసినవాడు. ఆయనకు 72వ యేట ఒకనాటి ఉదయము మాట కొంచెము ముద్దగా వచ్చినది, మూతి ఒక ప్రక్కకు జారినట్లు కనిపించినది. మధ్యాహ్నమునకు అంతయు సర్దుకొన్నది. నిద్ర చాలలేదని మేము అనుకొంటిమి. ఆ తరువాత పది పదిహేను దినములకు కాఫీ త్రాగినపుడెల్ల దగ్గు మొదలైనది. మా అమ్మ నెత్తిన తట్టుచు, "మీ చెల్లెలు తలచుకొంటాంది, ఒకసారి పోయి చూసి రారాదా" అని నవ్వెడిది. మేమును నవ్వితిమి.

దగ్గు తగ్గలేదు. దగ్గర నున్న ఒక వైద్యునివద్దకు తీసికొనిపోతిమి. రెండు నెలలు దగ్గు మందు సీసాలు మార్చి మార్చి త్రాగించితిమి. ఆ మందు త్రాగునపుడును నాయన దగ్గెడివాడు. సాయంకాలము వెచ్చబడసాగినది, మనిషి చిక్కినాడు. వీధిలో "క్షయ యేమో" అను మాట పుట్టినది. అప్పుడు మా చెల్లెలి కూతురికి పెండ్లి మాటలు జరుగుచున్నవి. నేను సిగ్గుపడుచు వ్రాయుచున్నాను – ఆ మాట బయటికి పోకుండవలెనని నాయనకు వేరే గ్లాసు, వేరే కంచము పెట్టి, వెనుక గదిలో పడక వేసితిమి. ఆయన ఒక్కమాట అనలేదు. గ్లాసు చూచి, తల వంచుకొని త్రాగినాడు, దగ్గినాడు.

చివరకు ఒక పెద్ద ప్రభుత్వ ఆసుపత్రికి పోతిమి. కళ్ళె పరీక్షలో క్షయ లేదు. ఎక్సురేలో కుడి ఊపిరితిత్తి అడుగు భాగమున మచ్చ కనిపించినది. అక్కడి వైద్యురాలు అంతవరకు ఎవరును అడుగని ఒక ప్రశ్న అడిగినది: "దగ్గు అన్నానికి వస్తాదా, నీళ్ళకు వస్తాదా?" నీళ్ళకే అని అమ్మ చెప్పినది. ఆమె చెంచాతో కొంచెము నీరు త్రాగించి, "మీ పేరు చెప్పండి పెద్దాయనా" అన్నది. నాయన గొంతు నీళ్ళలో నుండి మాట్లాడినట్లు గురగురలాడినది. ఆ ఉదయము వచ్చి పోయినది చిన్న పక్షవాతమనియు, దానివలన మ్రింగు కండరములు బలహీనపడి నీరు కొంచెము కొంచెముగా ఊపిరితిత్తులలోనికి దిగుచున్నదనియు, ఆ జ్వరము అందువలన వచ్చిన న్యుమోనియా అనియు తేలినది.

రెండు నెలలు మేము ఇంటిలో చూచినది అంతయు ఆ ప్రశ్నకు జవాబే. కాని అది జవాబని మాకు తెలియదు. ఈ పాఠము చదివిన యింట ఆ రెండు నెలలు వృథా కాకూడదు.

మ్రింగుట యెట్లు జరుగును?

గొంతులో రెండు గొట్టములున్నవి. ముందున్నది గాలిగొట్టము, ఊపిరితిత్తులకు పోవును. వెనుకనున్నది అన్నపు గొట్టము, సుమారు పది అంగుళముల పొడవున కడుపునకు పోవును. ఈ రెంటికిని పైన దారి యొకటే. కావున ఒక దాని పని జరుగునపుడు రెండవది మూసికొనవలెను.

మన పనితో పోల్చిన సులభముగా బోధపడును. పడుగు దారములు పైకి క్రిందికి విడిపోయి దారి తెరచినపుడే నాడె దాటవలెను. కాలు ముందుగా తీసినచో, నాడె ఆలస్యముగా విసరినచో, దారములు తెగును. గొంతులోను అట్లే. నాలుక ముద్దను వెనుకకు నెట్టగానే కంఠము పైకి లేచును, గాలిగొట్టముపై నున్న మూత వాలును, మాట పలికించు తంత్రులు దగ్గరకు చేరి బిగియును, సుమారు ఒక్క క్షణము ఊపిరి ఆగును, అన్నపు గొట్టము నోరు తెరచును. ముద్ద దాటిన వెంటనే అన్నియు యథాస్థానమునకు వచ్చును. కంఠమణిపై వ్రేలుంచి ఉమ్మి మ్రింగి చూడుడు. అది పైకి లేచి దిగుట తెలియును.

ఈ లయ తప్పినపుడు ఒక మెతుకైనను, ఒక నీటిచుక్కయైనను గాలిగొట్టపు వాకిట పడును. దానిని బయటికి తరుముటకు వచ్చునదే దగ్గు. అనగా దగ్గు శత్రువు కాదు, కాపలావాడు. కాపలావాడు దినమంతయు అరచుచున్నచో వానిని మందుతో నిద్రపుచ్చుట కాదు, దొంగ ఎవడో చూడవలెను.

కారణములు

1. తొందర, అలవాట్లు. మాట్లాడుచు, నవ్వుచు తినుట. చీర గడువు దగ్గరపడినదని నాలుగు ముద్దలు గబగబ మ్రింగి మగ్గమెక్కుట. పేలపిండి, మరమరాల వంటి పొడి పదార్థములు తినుచు గట్టిగా ఊపిరి పీల్చుట. తల వెనుకకు వాల్చి, చెంబు ఎత్తి పట్టి, ధారగా పోసికొని త్రాగుట మనలో మర్యాదయే. కాని తల వెనుకకు వాలినపుడు గాలిగొట్టము వాకిలి ఎక్కువ తెరచుకొనును. యౌవనమున అది తెలియదు. వృద్ధులును, మ్రింగుట కష్టముగా నున్నవారును ఎత్తి త్రాగకూడదు. కూర్చుండి, గ్లాసు పెదవికి ఆనించి, చిన్న గ్రుక్కలుగా త్రాగవలెను.

2. కడుపులోని పులుపు పైకి ఎగజిమ్ముట. తిన్న తరువాత దగ్గునకు ఇది మిక్కిలి సాధారణమైన కారణము. అన్నపు గొట్టము చివర ఒక బిగింపు ఉన్నది. అది సడలినచో కడుపులోని పులుసు నీరు పైకి వచ్చి గొంతును ఒరయును. కొందరికి గుండెల్లో మంట, పుల్లని త్రేన్పులు వచ్చును. కొందరికి మంటయే ఉండదు. ఉదయము గొంతు బొంగురు, గొంతులో ఏదో అడ్డమున్నట్లుండుట, భోజనమైన గంటలోపల పొడిదగ్గు, పడుకొన్న వెంటనే దగ్గు – ఇవే గుర్తులు.

నేతగాండ్రకు ఇందులో ప్రత్యేకమైన చిక్కు ఉన్నది. కడుపునిండ తిని వెంటనే గుంటలో కాళ్ళుంచి, ముందుకు వంగి, బట్ట చుట్టుకొను మానునకు పొట్ట ఆనించి గంటలకొలది కూర్చుందుము. నిండిన సంచిని వంచి నొక్కినచో లోపలిది పైకి రాక యేమగును? రాత్రి పది గంటలకు తిని పదింపావునకు పడుకొనుట మరియొక అలవాటు. పొగాకు, మితిమీరిన కాఫీ, నూనె వేపుళ్ళు, మద్యము, ఊబకాయము దీనిని పెంచును.

చేయదగిన పనులు సులభమైనవి. భోజనము తగ్గించి ఎక్కువ సార్లు తినవలెను. తిన్న తరువాత వంగి చేయు పని వెంటనే మొదలుపెట్టక, కొంతసేపు నడచుటయో, నిటారుగా కూర్చుండి చేయు పని చూచుకొనుటయో మేలు. రాత్రి భోజనమునకును పడకకును నడుమ రెండు మూడు గంటలుండవలెను. మంచము తలవైపు కాళ్ళ క్రింద ఇటుకలు పెట్టి ఆరు ఎనిమిది అంగుళములు ఎత్తవలెను. దిండ్లు పెంచినచో మెడ వంగును గాని ఫలము తక్కువ. ఎడమ ప్రక్కకు తిరిగి పడుకొనుట మంచిది. ఇన్నిటికిని తగ్గనిచో వైద్యుడు పులుపు తగ్గించు మాత్రలు కొన్ని వారములు ఇచ్చును. అవి చెప్పినన్ని దినములే వాడవలెను. అంగడిలో కొని ఏండ్ల తరబడి మ్రింగరాదు.

3. నరముల, కండరముల బలహీనత. పక్షవాతము, కంపవాతము, ముదిమి, తలకు తగిలిన దెబ్బ – వీనివలన మ్రింగు లయ చెడును. గుర్తు ఏమనగా, గట్టి పదార్థముకంటె నీరే ఎక్కువ దగ్గు తెచ్చును. నీరు వేగముగా జారును, బలహీనపడిన మూత సమయమునకు మూసికొనలేదు. త్రాగిన తరువాత గొంతు తడిగా గురగురలాడుట, ఉమ్మి కారుట, భోజనమునకు చాలసేపు పట్టుట, మరల మరల జ్వరము, న్యుమోనియా వచ్చుట ఇతర గుర్తులు. కొందరిలో గొంతు స్పర్శయే తగ్గిపోయి నీరు లోపలికి దిగినను దగ్గు రాదు. అది మరింత ప్రమాదము.

4. దారిలో అడ్డు. మొదట రొట్టె, ముద్ద అడ్డపడి, కొన్ని వారములకు మెత్తని అన్నము, తరువాత జావ, చివరకు నీరును దిగకపోవుచున్నదన్నచో అన్నపు గొట్టము సన్నబడుచున్నదని అర్థము. కాన్సరు ఉన్నదేమో వెంటనే చూపించుకొనవలెను. పొగాకు, వక్క, మద్యము అలవాటున్నవారు ఒక్క వారమును జాగు చేయరాదు. మొదటినుండియు గట్టిదియు నీరును రెండును సమానముగా అడ్డపడుచు, రాత్రి పడుకొన్నపుడు తిన్నది నోటిలోనికి వచ్చి దగ్గు లేపుచున్నచో, క్రింది బిగింపు సడలకపోవు మరియొక వ్యాధి కావచ్చును. ఎప్పుడో తిన్న అన్నము గంటల తరువాత జీర్ణము కాకుండ నోటికి వచ్చినచో గొంతు ప్రక్కన సంచి ఏర్పడియుండవచ్చును. ఇవన్నియు చికిత్స కలవియే.

రంగులద్దకము చేయు యిండ్లవారికి ఒక హెచ్చరిక. కాస్టిక్ సోడా, ఆమ్లములు నీళ్ళ సీసాలలో, గ్లాసులలో పోసి పెట్టరాదు. పిల్లవాడు నీరనుకొని ఒక్క గ్రుక్క త్రాగినను అన్నపు గొట్టము కాలి, తరువాత పుండు మానుచు ముడుచుకొనిపోవును. జన్మమంతయు మ్రింగుట కష్టమగును. అట్లు జరిగినచో వాంతి చేయించకూడదు. వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను, త్రాగిన సీసాను వెంట తీసికొనిపోవలెను.

5. ఉబ్బసము, పడనితనము. ఉబ్బసమున్నవారికి చల్లని నీరు, ఐసు పానీయములు దగ్గును, పిల్లికూతలను లేపవచ్చును. వేరుసెనగ, రొయ్య, చేప, గ్రుడ్డు, పాలు మొదలగునవి కొందరికి పడవు. తిన్న కొద్ది నిమిషములలో దగ్గుతో కూడ దద్దురులు, పెదవుల వాపు, ఊపిరాడకపోవుట, తల తిరుగుట వచ్చినచో అది ప్రాణాపాయము. ఒక్క నిమిషము ఆగక ఆసుపత్రికి పోవలెను.

6. ఇతర కారణములు. కారము తిన్నపుడు ముక్కు కారి, ఆ నీరు గొంతులో వెనుకనుండి దిగి దగ్గు రావచ్చును. రక్తపుపోటునకు వాడు ఎనలాప్రిల్, రామిప్రిల్ వంటి, పేరు చివర "ప్రిల్" అని వచ్చు మాత్రలు కొందరికి పొడిదగ్గు తెచ్చును. ఈ దగ్గునకు భోజనముతో సంబంధము లేదు. మాత్రను మీరే మానివేయరాదు; వైద్యునికి చెప్పినచో వేరొకటి ఇచ్చును. ఏ మాత్రయైనను కూర్చుండి, చాలినంత నీటితో మ్రింగవలెను.

దూది నలుసుల వలన వచ్చు దగ్గు వేరు. నూలు మిల్లులలో, దూది ఏకుచోట పనిచేయువారికి సెలవు తరువాత మొదటి పనిదినమున ఎదరొమ్ము బిగించి దగ్గు వచ్చి, వారము గడచినకొలది తగ్గుట ఆ వ్యాధి తొలి గుర్తు. పట్టు దుమ్ము పడక దగ్గువారును కలరు. దగ్గు కంచము దగ్గర వచ్చుచున్నదా, మగ్గము దగ్గర వచ్చుచున్నదా అని గమనించి వైద్యునికి చెప్పవలెను.

7. పిల్లలు. పుట్టిన బిడ్డ మొదటిసారి పాలు త్రాగునపుడే దగ్గి, నురుగు కక్కి, నీలిరంగు తిరిగినచో గాలిగొట్టము, అన్నపు గొట్టము కలిసిపోయి యుండవచ్చును. పాలు ఆపి వెంటనే పెద్దాసుపత్రికి పోవలెను, శస్త్రచికిత్సతో బాగగును. ఐదేండ్లలోపు పిల్లలకు వేరుసెనగ గింజలు, పుట్నాలు, వక్కపలుకులు ఇయ్యరాదు. ఆడుకొనుచు తినుచున్న పిల్లవానికి హఠాత్తుగా దగ్గు వచ్చి తగ్గి, తరువాత దినములలో పిల్లికూత, జ్వరము మొదలైనచో గింజ ఊపిరితిత్తిలో చిక్కియుండవచ్చును. "అప్పుడే తగ్గినది గదా" అని ఊరకుండరాదు.

తుమకూరు నేర్పిన పాఠము

దగ్గు మందు సీసాతో సరిపెట్టుట మా యింటిలో మాత్రమే జరిగినది కాదు. 1959లో మన బెంగళూరులో జాతీయ క్షయ సంస్థ నెలకొన్నది. ఆ సంస్థ పరిశోధకులు బెనర్జీ, ఆండర్సన్ గారలు తుమకూరు జిల్లా గ్రామములలో క్షయ రోగులను ఇంటివద్దనే కలిసికొని విచారించినారు. పల్లెవారికి తమ రోగము సంగతి తెలియదు, దగ్గును లక్ష్యపెట్టరు అని అంతకుముందు చాలమంది తలచెడివారు. తేలినది వేరు. రోగులలో చాలమందికి తమకు ఏదో జబ్బు ఉన్నదని తెలియును. సుమారు సగము మంది అప్పటికే వైద్యము కొరకు తిరిగినవారు. కాని కళ్ళె పరీక్ష లేకుండ దగ్గు మందుతో తిరిగివచ్చినారు. ఈ సంగతి 1963లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వెలువడినది. దగ్గుతో తమంతట వచ్చినవారికి అక్కడికక్కడే కళ్ళె పరీక్ష చేయవలెనను పద్ధతి 1962లో ఆరంభమైన జాతీయ క్షయ కార్యక్రమమునకు మూలమైనది.

అందువలన, రెండు వారములు మించిన ఏ దగ్గునకైనను కళ్ళె పరీక్ష చేయించుకొనవలెను. ప్రభుత్వ ఆసుపత్రులలో అది ఉచితము. క్షయకు మందులును ఉచితము. క్షయ ఉన్నదని తేలినను సిగ్గుపడవలసినది లేదు, పూర్తిగా మందు వాడినచో నయమగును. క్షయ గ్లాసువలనను కంచమువలనను అంటదు, గాలివలన అంటును. మందు మొదలుపెట్టిన తరువాత ఆ అంటు త్వరగా తగ్గును. లేదని తేలినపుడు మాత్రము "క్షయ లేదు గదా" అని ఇంటికి రాక, "మరి కారణమేమి?" అని అడుగవలెను.

ఎవరిని, ఎప్పుడు చూడవలెను?

ఈ క్రింది గుర్తులలో ఏ ఒక్కటి ఉన్నను దగ్గు మందు కొనక వైద్యునివద్దకు పోవలెను:

– తినునపుడు, త్రాగునపుడు దగ్గు రెండు వారములు మించి ఉండుట.
– ముద్ద అడ్డపడుట, మ్రింగునపుడు నొప్పి.
– కారణము లేక బరువు తగ్గుట.
– కళ్ళెలో, వాంతిలో నెత్తురు.
– త్రాగిన వెంటనే గొంతు గురగురలాడుట.
– మరల మరల జ్వరము, ఆయాసము.
– మూడు వారములు మించిన గొంతు బొంగురు.

మూతి ఒక ప్రక్కకు జారుట, ఒక చేయి పడిపోవుట, మాట తడబడుట – వీనిలో ఏది హఠాత్తుగా కనిపించినను, కొద్దిసేపటికి సర్దుకొన్నను, అప్పుడే 108కి ఫోను చేయవలెను. నెత్తురు గడ్డను కరిగించు సూది నాలుగున్నర గంటలలోపలనే పనిచేయును. అట్టి రోగికి మ్రింగుడు పరీక్ష కాకముందు నీరు, కాఫీ, సోడా, మాత్ర ఏదియు నోట పోయకూడదు. దాహమునకు పోసిన నీరే ఊపిరితిత్తులలో చేరును.

కబ్బన్‌పేట, నగర్తపేట వారికి 1900లో తెరచిన విక్టోరియా ఆసుపత్రి నడచి పోగల దూరమున ఉన్నది. హోసూరు రోడ్డు వైపున ఎదరొమ్ము జబ్బులకు రాజీవ్ గాంధీ సంస్థ, నరముల జబ్బులకు నిమ్హాన్సు, కాన్సరునకు కిద్వాయి ఆసుపత్రి ఉన్నవి. మ్రింగుట నేర్పువారు మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థలోను కలరు. ఆయుష్మాన్ భారత్ – ఆరోగ్య కర్ణాటక కార్డు ఉన్నవారు దానిని, పాత చీటీలను, ఎక్సురేలను వెంట తీసికొనిపోవలెను.

వైద్యునికి చెప్పుటకు ఒక కాగితముపై ఈ ఐదింటికి జవాబులు వ్రాసికొనుడు: దగ్గు ఎన్ని దినములనుండి? నీటికా, గట్టిదానికా, రెంటికా? మ్రింగుచుండగనా, తిన్న తరువాతనా, పడుకొన్న తరువాతనా? ఏయే మందులు వాడుచున్నారు? బరువు తగ్గినదా? ఈ కాగితము సగము పరీక్షతో సమానము.

గొంతుకు అడ్డపడినపుడు

మనిషి గట్టిగా దగ్గుచున్నంతవరకు దగ్గనీయవలెను. నీరు పోయరాదు, నోటిలో వ్రేలు పెట్టి వెదకరాదు. దగ్గలేక, మాటరాక, గొంతు పట్టుకొని నీలిరంగు తిరిగినచో, ఒకరు 108కి ఫోను చేయుచుండగా, మరియొకరు రోగిని ముందుకు వంచి రెక్కల నడుమ అరచేతి మడమతో ఐదు దెబ్బలు గట్టిగా కొట్టవలెను. పోనిచో వెనుక నిలిచి, బొడ్డుకు కొంచెము పైన పిడికిలి ఉంచి, రెండవ చేతితో పట్టి లోపలికి పైకి ఐదుసార్లు నొక్కవలెను. బయటపడువరకు ఈ రెండును మార్చి మార్చి చేయవలెను. తెలివి తప్పినచో నేలపై పరుండబెట్టి ఎదరొమ్ము నడుమ నొక్కుట మొదలుపెట్టవలెను. గర్భిణులకు కడుపుపై కాక ఎదరొమ్ముపై నొక్కవలెను. ఏడాదిలోపు బిడ్డను ముంజేతిపై తల క్రిందుగా బోర్లించి వీపున ఐదు దెబ్బలు, తిప్పి రొమ్ము నడుమ రెండు వ్రేళ్ళతో ఐదు నొక్కులు. బిడ్డ కడుపు నొక్కరాదు.

మంచమున నున్న పెద్దలకు

పడుకోబెట్టి తినిపించరాదు. నిటారుగా కూర్చుండబెట్టి, చిన్న చెంచాతో, ఒక ముద్ద దిగినదని చూచి రెండవది పెట్టవలెను. తినునపుడు రేడియో, టీవీ, మాటలు ఆపవలెను. తిన్న తరువాత అరగంట కూర్చుండనీయవలెను. పూటపూటకు నోరు, పండ్లు, కట్టుడు పండ్లు శుభ్రపరచవలెను. నోటి మురికి ఉమ్మితోకూడ ఊపిరితిత్తులకు దిగినచో న్యుమోనియా తెచ్చును. నీటిని చిక్కబరచుట, గడ్డము దించి మ్రింగుట వంటి ఉపాయములు ఒకరికి మేలు చేసి మరియొకరికి కీడు చేయవచ్చును. మ్రింగుడు పరీక్ష చేసినవారు చెప్పినట్లే చేయవలెను.

మా నాయనకు చిక్కని ద్రవము, గడ్డము దించి మ్రింగుట రెండును చెప్పినారు. ఎంత చిక్కగా అని మా అమ్మకు మొదట బోధపడలేదు. నేర్పునామె గిన్నెలో కలిపి చెంచాతో ఎత్తి చూపగా, "ఓ, పడుగుకు పెట్టే గంజి మాదిరి, చెంచా వెంట తీగ సాగకూడదు, నీళ్ళ మాదిరి జారనూకూడదు, అంతే కదమ్మా?" అన్నది. ఆమె "అంతే" అన్నది. ఆనాటినుండి అమ్మ చేతి కొలత తప్పలేదు. న్యుమోనియా తగ్గినది. నాయన ఆ తరువాత రెండున్నర ఏండ్లు బ్రతికినాడు. మగ్గమెక్కలేదు గాని, అరుగుపై కూర్చుండి కండెలు చుట్టెడివాడు. మనుమరాలి పెండ్లిలో అక్షతలు వేసినాడు.

ఆసుపత్రినుండి వచ్చిన నాడు నేను ఆ వేరు గ్లాసును తీసివేసి, నా గ్లాసులోనే జావ కలిపి ఇచ్చినాను. ఆయన చూచి, "ఇంకా దగ్గు పోలేదు గదరా" అన్నాడు. "పోకపోతే పోనీ నాయనా" అన్నాను. అంతకు మించి మాకు మాటలు లేవు.

సోదర సోదరీమణులారా, కళ్ళద్దాలు లేక చదువలేని పెద్దలకు ఈ పాఠమును చదివి వినిపించుడు. ఈ రాత్రి భోజనమునకు కూర్చున్నపుడు మీ యింటి పెద్దలు నీళ్ళు త్రాగుట ఒకసారి గమనించుడు. దగ్గు వచ్చినచో నెత్తిన తట్టుడు, అది మన ప్రేమ. మరల మరల వచ్చినచో తట్టి ఊరకుండక, ఆసుపత్రికి తోడుపొండు.